మంచుకొండల గురువు

మన ప్రాంతమున మంచు అనగా మాఘమాసపు వేకువజామున గడ్డిపరకలపై మెఱయు నీటిబొట్లు. ప్రొద్దెక్కిన కొలది అవి మాయమగును. ఆల్ప్సు పర్వతములలోని మంచు అట్టిది కాదు. అది దూదివలె రాలి, నేలపై నిలువెత్తున పేరుకొని, కార్తికమున పడినది చైత్రము వఱకును కఱగక నిలిచియుండును. దారులు మూసికొనిపోవును. ఇండ్ల కిటికీలు కప్పుకొనిపోవును. ఒక్కొక్కప్పుడు కొండచఱియలనుండి మంచు పెళ్లలు పెళ్లలుగా విఱిగి పల్లెలపై పడి, మనుష్యులను పశువులను ప్రాణములతోనే పూడ్చివేయుటయు కలదు. అచ్చటి పూర్వులకు చలికాలమనగా తలుపులు మూసికొని, నిలువచేసికొన్న తిండితో, వసంతము కొఱకు ఎదురుచూచు కాలము. ఆ చలికాలమునే పండుగగా మార్చినవారిలో హానెస్ ష్నైడరు ముఖ్యుడు.

ఆస్ట్రియా దేశపు పడమటి కొనయందు ఆర్ల్‌బర్గు అను కనుమ కలదు. ఆ కనుమకు పడమట, సముద్రమట్టమునకు సుమారు 1,400 మీటర్ల ఎత్తున, స్టూబెను అను చిన్న పల్లె యున్నది. పూర్వము కనుమ దాటు బండ్లవారు, బాటసారులు అచ్చట దిగి, గుఱ్ఱములకు మేతవేసి, చలి కాచుకొని పోవుచుండిరి. పల్లెవారికి అదియే జీవనము. 1884లో కొండను తొలిచి పది కిలోమీటర్లకు పైబడిన రైలు సొరంగమును తెఱచిరి. నాటినుండి బాటసారులు రైలులో కూర్చుండి కొండ క్రిందుగా పోసాగిరి. స్టూబెనులో దిగువారు తగ్గిపోయిరి. ఇట్లు పల్లె చిక్కిపోవుచున్న రోజులలో, 1890 జూను 24వ తేదీన, హానెస్ జన్మించెను.

ఆ కాలమున స్కీలను గూర్చి ఆల్ప్సు పల్లెలవారిలో ఎఱిగినవారు అరుదు. స్కీలనగా కాళ్లకు కట్టుకొను పొడవైన సన్నని కొయ్యపలకలు. వాని ముందు కొనలు పైకి వంగియుండును. మనిషి బరువు పలక పొడవునకును పంచబడుటచే కాలు మంచులో దిగబడదు. వాలు దొరికినచో పలక తనంతట తానే జారును. నార్వే దేశీయులు వీనిని వేలయేండ్లనుండి ఎఱుగుదురు. కాని వారి దేశమున కొండవాలులు చాలవఱకు మెల్లనివి. ఆల్ప్సు వాలులు నిట్టనిలువునవి. నార్వేవారివలె నిటారుగా నిలిచి, ఒక మోకాలు వంచి, ఇచ్చట మలుపు తిరుగబోయినవాడు దొర్లుకొనుచు పోయి ఏ చెట్టునకో తగులుకొనుచుండెను. జ్డార్స్కీ అను ఆస్ట్రియా దేశీయుడు నిటారు వాలులకు తగిన పద్ధతి నొకదానిని 1890వ దశకములో కనిపెట్టెను. ఒకే పొడవాటి కఱ్ఱను ఊతగా పట్టి, మెల్లమెల్లగా, అపాయము లేకుండ దిగుట ఆ పద్ధతి. భద్రతకు లోటు లేదు; వేగము మాత్రము లేదు.

హానెస్ పసివాడై యుండగా బ్రెగెంజు పట్టణమునుండి విక్టరు జోమ్ అను నాతడు స్కీలు కట్టుకొని ఆ పల్లెకు వచ్చెను. మోకాటిలోతు మంచులో ఈడ్చుకొనుచు నడచుటయే ఎఱిగిన బాలుడు, ఆ మనిషి కొండవాలుపై పక్షివలె దిగి వచ్చుట చూచెను. ఆనాటినుండి అతనికి వేఱు ధ్యాస లేకపోయెను. చేతికందిన కొయ్యలతో స్కీలవంటి వానిని సిద్ధము చేసికొని, పడుచు లేచుచు తానే నేర్చుకొన మొదలిడెను. తరువాత జోమ్ ఆ పిల్లవానిలోని పట్టుదలను గుర్తించి తన శిష్యునిగా చేసికొని నేర్పెను. మంచుపై జారుట కూడు పెట్టునని ఆ దినములలో ఎవరు నమ్ముదురు? పల్లెలోని పెద్దలకు అది పనిలేనివారి ఆటగానే తోచియుండును.

కాని కనుమకు తూర్పున, సొరంగము రెండవ కొనయందున్న సెంట్ ఆంటన్ గ్రామములో కార్లు షూలరు అను హోటలు యజమాని దూరదృష్టి కలవాడు. చలికాలమున తన పోస్టు హోటలు గదులు ఖాళీగా పడియుండుట అతనికి నచ్చలేదు. స్కీ నేర్పువా డొకడు దొరికినచో పట్టణములవారు మంచు కొఱకే రైలెక్కి వత్తురని తలచి, 1907లో హానెస్‌ను పిలిపించి జీతమిచ్చి ఉపాధ్యాయునిగా నియమించెను. అప్పటికి హానెస్ వయస్సు 17 సంవత్సరములు. శిష్యులందఱును అతనికంటె పెద్దవారు.

పగలు నేర్పుట, తీఱిక దొరికినపుడు ఒంటరిగా వాలులపై సాధన చేయుట, ఇది అతని దినచర్య అయ్యెను. పందెములకు పోయి పెక్కింట గెలిచెను. గెలుపుకంటె అతనిని ఎక్కువగా వేధించిన ప్రశ్న వేఱొకటి: వేగము తగ్గించకయే మలుపు తిరుగుట ఎట్లు? నిటారుగా నిలిచినవాడు వేగము పెరిగిన కొలది తూలిపోవును. కావున మోకాళ్లు బాగుగ వంచి, నడుము దించి, వేట కుఱుకు పులివలె ఒడలిని ముందునకు వంచి చూచెను. బరువు నేలకు దగ్గఱ యగుటచే పట్టు చిక్కెను. తరువాత మలుపునకు ముందు ఒక స్కీ యొక్క వెనుక కొనను కొంచెము వెలికి నెట్టి, ఒడలి బరువును దానిపైకి మార్చి, వెంటనే రెండవ స్కీని దాని ప్రక్కకు చేర్చి చూచెను. స్కీలు రెండును జంటగా తిరిగి క్రొత్త దారి పట్టెను. చెప్పుటకు ఇది మూడు వాక్యములు. అతనికి పట్టినది కొన్ని చలికాలములు. పిమ్మట లోకము ఈ విధానమునకు ఆర్ల్‌బర్గు పద్ధతియని పేరు పెట్టెను.

1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. హానెస్ సైన్యములో చేరవలసినవాడయ్యెను. ఇటలీ సరిహద్దు పర్వతములయందు మంచులో పోరాడు దళములకు స్కీ నేర్పు పని అతనికి అప్పగింపబడెను. హోటలులో ఒక్కొక్క అతిథికి వేఱువేఱుగా నేర్పిన ఉపాధ్యాయునికి ఇపుడు వందలకొలది సిపాయిలు శిష్యులైరి. వ్యవధియో స్వల్పము. ఒక్కొక్కని చేయిపట్టి నేర్పుటకు వీలులేదు. నేర్వవలసిన దానిని మెట్లుమెట్లుగా విభజించి, ఒక మెట్టు ఎక్కినవానినే తరువాతి మెట్టునకు పంపవలెను. ఆ సంగతి అతనికి యుద్ధభూమిలోనే తెలిసెను.

యుద్ధము ముగిసి తిరిగివచ్చిన పిదప సెంట్ ఆంటనులో అతడు స్థాపించిన స్కీ పాఠశాల ఈ మెట్లపైననే నిలిచినది. వచ్చినవారిని ముందుగ ఒక చిన్న వాలుపై దిగుమని చూచి, వారి వారి శక్తినిబట్టి తరగతులుగా విడదీయుచుండిరి. మొదటి తరగతివారు స్కీల ముందు కొనలను దగ్గఱకు చేర్చి, వెనుక కొనలను ఎడముగా నుంచి, వేగము నాపుట నేర్తురు. తరువాతి వారు అదే భంగిమలో మలుపు తిరుగుట నేర్తురు. చివరి తరగతివారు స్కీలను జంటగా కూర్చి వేగముగ తిరుగుట నేర్తురు. ఏ ఉపాధ్యాయుని యొద్దకు పోయినను పాఠ మొక్కటే. మంత్రియైనను, గుమాస్తాయైనను, చేతగానివాడు మొదటి తరగతిలోనే నిలువవలెను. క్రమశిక్షణలో హానెస్ కఠినుడు. తన ఉపాధ్యాయులయెడ మఱింత కఠినుడు. నేడు ప్రపంచమున స్కీ నేర్పు బడులలో తరగతుల పద్ధతి సామాన్యమైపోయినది గాని, నాడది క్రొత్త.

ఆ దినములలోనే ఆర్నాల్డు ఫాంక్ అను జర్మను దేశీయుడు పర్వతములపై చలనచిత్రములు తీయుచుండెను. 1920లో వెలువడిన అతని చిత్రమున హానెస్ స్కీ విన్యాసములను చూచి పట్టణవాసులు నివ్వెఱపోయిరి. 1931లో వచ్చిన మఱొక చిత్రములో అతడు లెనీ రీఫెన్‌స్టాల్ అను నటితో కలిసి నటించెను. విధి విచిత్రమైనది. ఏడేండ్లలో అతనిని చెఱలో పెట్టిన ప్రభుత్వమునకు ఆమె ప్రచార చిత్రములు తీసి పేరుపొందెను. 1930లో హానెస్ జపానునకు పోయి, అచ్చటి మంచుకొండలపై తన పద్ధతిని నేర్పి వచ్చెను.

ఇక పందెముల సంగతి. అప్పటివఱకు స్కీ పందెములనగా నార్వే సంప్రదాయము ననుసరించి బహుదూరము పరుగిడుటయు, ఎత్తునుండి దుముకుటయు. ఏటవాలున వేగముగా దిగుటను పందెముగా ఎంచుటకు పెద్దలు ఇష్టపడలేదు. దానికొఱకు పట్టుబట్టిన ఆంగ్లేయుడు ఆర్నాల్డు లన్. ఇతడు 1888లో మన మద్రాసు నగరమున జన్మించినవాడు. తండ్రి అచ్చట క్రైస్తవ మిషనరీగా ఉండెను. లన్ యువకుడై యుండగా వేల్సు దేశమున కొండపైనుండి పడుటచే ఒక కాలు విఱిగి పొట్టిపడెను. ఆ కాలితోనే అతడు జీవితాంతము స్కీ చేసెను. మంచుపై జతజతలుగా జెండాలు పాతి, వాని నడుమనుండి మెలికలు తిరుగుచు దిగు స్లాలమ్ పందెమునకు 1922లో స్విట్జర్లాండులోని మ్యూరెను గ్రామమున అతడు క్రొత్త నియమము లేర్పఱచెను. చెట్ల నడుమ దిగువానికి ఎట్టి నేర్పు కావలెనో ఆ జెండాల నడుమ దిగువానికి అట్టి నేర్పే కావలెనని అతని యూహ.

నేర్పుటలో హానెస్, నియమములలో లన్: ఇరువురి కలయికచే 1928 మార్చిలో సెంట్ ఆంటనునందు ఆర్ల్‌బర్గు-కాందహారు పందెము ఆరంభమయ్యెను. అఫ్గనిస్థానములోని కాందహారు పేరు ఆల్ప్సునకు ఎట్లు చేరినది? 1880లో కాబూలునుండి కాందహారునకు సేనను నడిపించి బిరుదు పొందిన రాబర్ట్సు ప్రభువు, 1911లో స్విట్జర్లాండున జరిగిన స్కీ పందెమునకు ఒక బహుమాన పాత్ర నిచ్చెను. దానిపై అతని బిరుదును చెక్కిరి. ఆ పేరే లన్ యొక్క స్కీ సంఘమునకును, పిదప ఈ పందెమునకును సంక్రమించెను. ఒకనాడు ఏటవాలున నేరుగా దిగుట, వేఱొకనాడు జెండాల నడుమ దిగుట, రెండింటిలోను కలిపి మేటియైనవాడే విజేత. కొలది యేండ్లలో ఐరోపాలోని గొప్ప స్కీ వీరులందఱును ఈ పందెమున గెలుపును కోరువారైరి.

1936లో జర్మనీలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఈ పందెములకు తొలిసారి చోటు దొరికెను. కాని స్కీ నేర్పి జీతము పుచ్చుకొనువారు వృత్తిక్రీడాకారులనియు, వారు పాల్గొనరాదనియు నిర్వాహకులు శాసించిరి. కొండపల్లెల పేదపిల్లలకు ఆ విద్యయే కూడు. ధనికుడు వినోదమునకు దిగినచో క్రీడ. పేదవాడు అదే వాలుపై నేర్పి నాలుగు కాసులు సంపాదించినచో దోషము! ఆల్ప్సు ప్రాంతపు మేటి స్కీ వీరులలో పెక్కురు ఉపాధ్యాయులే గనుక వారికి ఆ ద్వారము మూతపడెను.

అంతకంటె పెద్ద ఉపద్రవము అప్పటికే సమీపించుచుండెను. జర్మనీలో హిట్లరు అధికారమునకు వచ్చినది మొదలు ఆస్ట్రియా పల్లెలలోను అతని పక్షమువారు పెరుగసాగిరి. హానెస్ వారికి తన పాఠశాలలో చోటీయలేదు. అతనికి ఇంజనీరు రుడాల్ఫు గొంపెర్ట్స్ అను మిత్రుడుండెను. వియన్నాలో యూదుల కుటుంబమున పుట్టి, 1905లో సెంట్ ఆంటనునకు వచ్చి స్థిరపడి, ఆ గ్రామపు కీర్తిని దేశదేశములకు చాటినవాడు. హిట్లరు పక్షమువారికి యూదులనిన విషము. గొంపెర్ట్స్‌ను విడనాడుమని చుట్టుప్రక్కల ఒత్తిడి పెరిగినను హానెస్ అతని చేయి విడువలేదు.

1938 మార్చి 12వ తేదీన జర్మను సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించెను. ఆ గడబిడలోనే హానెస్‌ను నిర్బంధించి లాండెక్ పట్టణపు చెఱసాలకు గొనిపోయిరి. ముప్పదియేండ్లు ఊరికి కూడు పెట్టినవాడు ఒక్క రాత్రిలో ఊరికి ద్రోహి అయ్యెను. అతని వలన బాగుపడినవారిలోనే కొందఱు ఆ మాటను పలికియుండిరి. ఆ మార్చిలోనే సెంట్ ఆంటనులో ఆర్ల్‌బర్గు-కాందహారు పందెము జరుగవలసియుండెను. ఏర్పాట్లన్నియు సిద్ధము. హానెస్ చెఱలో నుండగా పందెము నడపుట తనవలన కాదని లన్ దానిని రద్దు చేసెను. వార్త దేశదేశములకు ప్రాకెను. అతని పూర్వ శిష్యులు నలుమూలలనుండి నిరసన తెలిపిరి.

కొన్ని వారముల పిదప అతనిని చెఱసాలనుండి వెలికి తెచ్చి, జర్మనీలోని గార్మిష్ పట్టణమున ఒక న్యాయవాది పూచీపై ఉంచిరి. సొంత గ్రామమునకు పోరాదు. ఆ న్యాయవాది అతనియెడ ఆదరము కలవాడగుటచే ప్రాణభయము కొంత తగ్గెను. కాని నెలలు గడచుచున్నను విడుదల రాలేదు.

ఇంతలో సముద్రమున కావల ఒకడు పావులు కదుపుచుండెను. అతడు హార్వీ గిబ్సను అను అమెరికా దేశపు బ్యాంకు అధ్యక్షుడు. న్యూ హాంప్‌షైరు రాష్ట్రములోని నార్తు కాన్వే అతని పుట్టినూరు. ఆ యూరి ప్రక్కనున్న క్రాన్మోరు కొండను కొని, దానిని స్కీ కేంద్రముగా తీర్చిదిద్ది తన గ్రామమునకు జీవనము కల్పింపవలెనని అతని కోరిక. హానెస్ శిష్యుడొకడు అప్పటికే అచ్చట నేర్పుచుండెను. జర్మనీ చెల్లింపవలసిన ఋణముల విషయమున గిబ్సనునకు ఆ దేశపు ఆర్థికాధికారులతో వ్యవహారము లుండెను. ఆ పలుకుబడి నుపయోగించి అతడు హానెస్ విడుదలను అడిగెను. బ్యాంకుల లెక్కలు మనుష్యులను బ్రతికించిన సందర్భములు చరిత్రలో తఱచుగా కనబడవు. ఇది అట్టి వానిలో నొకటి.

1939 ఫిబ్రవరి 11వ తేదీన హానెస్ భార్యతోను, కుమారుడు హెర్బర్టుతోను, కుమార్తె హెర్టాతోను నార్తు కాన్వే స్టేషనులో రైలు దిగెను. ఊరంతయు అచ్చట కూడియుండెను. పిల్లలు రెండు వరుసలుగా నిలిచి తమ స్కీ కఱ్ఱలను పైకెత్తి తోరణముగా పట్టిరి. చెఱసాలను చూచి వచ్చిన ఆ మనిషి గిబ్సనుతో కలిసి ఆ తోరణము క్రిందుగా నడచిపోయెను. అప్పటికి అతనికి నలువది ఎనిమిదేండ్లు. దేశము క్రొత్త, భాష క్రొత్త. ఆల్ప్సుతో పోల్చినచో క్రాన్మోరు ఒక గుట్ట. అయినను అతడు వెంటనే పనిలో దిగెను. మరల మొదటి తరగతి, మరల స్కీ కొనలు దగ్గఱకు చేర్చుట.

రెండు నెలలలోనే అతని పద్ధతి యొక్క సత్తా అమెరికాకు తెలిసెను. ఆ ప్రాంతమున వాషింగ్టను శిఖరము మిక్కిలి ఎత్తైనది. సుమారు 1,917 మీటర్లు. 1939 ఏప్రిల్ 16వ తేదీన ఆ శిఖరమునుండి క్రిందివఱకు సుమారు నాలుగు మైళ్ల పందెము జరిగెను. నడుమ టకర్మను లోయ అంచున గోడవలె నిలిచిన మంచు వాలు కలదు. అందఱును దానిపై మెలికలు తిరుగుచు, వేగము నాపుకొనుచు దిగుదురు. సెంట్ ఆంటనునుండి వచ్చి హానెస్ యొద్ద ఉపాధ్యాయుడుగా నున్న టోనీ మాట్ అను 19 ఏండ్ల యువకుడును పందెమునకు నిలిచెను. అతడును కొన్ని మలుపులు తిరిగియే అంచు దాటవలెనని తలచెను. కాని గాలి తీవ్రముగా నుండెను. అంచు ఎచ్చట మొదలగునో లెక్క తప్పెను. తెలిసికొనునప్పటికే గోడ అతని కాళ్ల క్రింద నుండెను. ఇక మలుపు తిరుగుటయే అపాయము. కావున మోకాళ్లు వంచి, ఒడలు దించి, బాణమువలె నేరుగా దిగెను. కాళ్లు వణకినను పట్టు తప్పలేదు. పందెము ముగించుటకు అతనికి పట్టిన కాలము 6 నిమిషముల 29 సెకనులు. అంతకుముందున్న రికార్డు పండ్రెండున్నర నిమిషములు! రెండవ స్థానమున వచ్చిన మేటివీరుడు అతనికంటె సుమారు ఒక నిమిషము వెనుకబడెను.

అదే యేడు రెండవ ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. హానెస్ ఉపాధ్యాయులలో పలువురు అమెరికా పర్వత సైన్యమున చేరిరి. హెర్బర్టు పదవ పర్వత దళములో చేరి ఇటలీలో పోరాడెను. తండ్రి మొదటి యుద్ధమున ఆస్ట్రియా పక్షమున ఇటలీ కొండలలో మంచు దళములకు నేర్పెను. కుమారుడు రెండవ యుద్ధమున అమెరికా పక్షమున ఇటలీ కొండలు ఎక్కెను.

సెంట్ ఆంటనులో మిగిలిపోయిన గొంపెర్ట్స్‌కు సముద్రమున కావల గిబ్సను వంటివాడు లేకపోయెను. అతని పదవులన్నియు ఊడలాగుకొనిరి. 1942 మే నెలలో అతనిని వియన్నానుండి రైలులో తూర్పునకు తరలించి, మిన్‌స్కు నగరమునకు దగ్గఱనున్న మాలీ ట్రోస్టెనెట్స్ అను చోట చంపివైచిరి. తాను వెలిగించిన గ్రామము అతనిని కాపాడలేకపోయెను.

యుద్ధానంతరము ఆర్ల్‌బర్గు-కాందహారు పందెము మరల ఆరంభమయ్యెను. హానెస్ మాత్రము క్రాన్మోరునే తన ఇల్లుగా చేసికొనెను. మంచు పడు కాలమున ప్రొద్దుట వాలు మొదట నిలిచి, వచ్చినవారిని ఒక్కొక్కరినిగా దిగుమని చూచి, తరగతులకు పంపుట అతడు విడువలేదు. 1955 ఏప్రిల్ 26వ తేదీన, చలికాలపు మంచు కఱగుచుండగా, నార్తు కాన్వేలో గుండెపోటుచే మరణించెను. అప్పటికి అతని వయస్సు 64 సంవత్సరములు. మఱుసటి చలికాలమున క్రాన్మోరు వాలుపై మొదటి తరగతి పిల్లలను హెర్బర్టు వరుసగా నిలువబెట్టెను.